ఆరు పాయింట్ల సందు

…గెలిచేదెవరో చెప్పకుండా మ్యాచ్‌కు ముందు ప్రివ్యూ రాయడం కష్టమేమీ కాదు, అది తనకు ఇంత సులువుగా వచ్చేస్తోందే, అదే భయంగా ఉంది అనుకున్నాడు యోగానంద. ఏర్పేడు హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టరు. పెన్ను ఆగడం లేదు. ఆపాల్సింది తనేనని తెలిసినా, ఆ చెయ్యి ఇంకెవరిదో అయినట్టు చూస్తూ కూర్చున్నాడు.

ఎదురుగా క్రీడల మంత్రి జయరావుగారి ప్రకటన ఉంది. "మూడేళ్ళలో ఆస్ట్రేలియావాళ్ళే తమ ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి తిరుపతి వస్తారు." మంత్రిగారు ఆ మధ్య మెల్‌బోర్న్ పర్యటనలో ఒక మ్యాచ్ పూర్తిగా చూశారు. ఎవరు గెలిచారో చివరిదాకా తెలియలేదు. ఎవరికీ అర్థంకాని ఆటలో ప్రతిపక్షానికి తప్పు పట్టే వీలుండదని అక్కడికక్కడే గ్రహించిన దూరదృష్టి ఆయనది. విమానం దిగిన వారానికే ఇక్కడ ఆ ఆటకు కొత్త సీజన్ ప్రకటించారు. మొదటి రౌండ్‌లో తిరుపతికీ చిత్తూరుకూ పోటీ.

ఆ ఆటను ఫోన్లో మొదటినుంచీ చివరిదాకా చూసిన మనిషి జిల్లాలో యోగానంద ఒక్కడే. అందుకని మైదానం, కోచింగు, అంపైరింగు, పేపరుకు ప్రివ్యూ అన్నీ ఆయన మీదే పడ్డాయి. అంత తీరిక ఎలా దొరికిందని మాత్రం ఎవరూ అడగలేదు. భార్య వనజాక్షి చిత్తూరులో టీచరు. తొమ్మిదేళ్ళుగా ఆయన శనివారం మొగుడు.

"మ్యాచి బాగా జరిగితే స్టేజీ మీదనే సారు చిత్తూరుకు మీ ట్రాన్స్‌ఫర్ సెప్పేస్తాడు అయివారూ," అన్నాడు మంత్రిగారి పీఏ కోదండం.

మైదానానికి రెండు కొసల్లోనూ ఒకే వరసలో నాలుగేసి గుంజలు నాటించాడు యోగానంద. మధ్య సందులోంచి బంతి పోతే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. సాయంత్రం వచ్చి చూస్తే సందులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకే వరసలో నాలుగు పొడుగాటి గుంజలు కనిపిస్తే ఫ్లెక్సీ కట్టకుండా పోయే కార్యకర్త మన వైపు ఇంకా పుట్టలేదు.

"కోదండం సార్, గోలు పోవాల్సింది ఆ మద్య సందులోంచే. ఆడ మంత్రిగారి మొకం ఉండాది."

"బాగుండాది గదా."

బాగానే ఉంది. గాలికి చిరగకుండా ఫ్లెక్సీకి అర్ధచంద్రాకారంగా కోతలు పెడతారు. పుచ్చకాయ పట్టేంత కోత ఒకటి సరిగ్గా మంత్రిగారి నోటి దగ్గర పడింది. గాలి వీచినప్పుడల్లా ఆయన హామీ ఇస్తున్నట్టే ఉంది.

"బంతి మొకానికి తగుల్తాది సార్. ఆ కొసన ఎమ్మెల్యే దొరస్వామిగారు ఉండారు. రెండు ఫ్లెక్సీలూ ఇప్పించేద్దామా?"

"ఇప్పిద్దాం. ముందు ఎవురిది ఇప్పేది? మీరు సెప్పండి, మీ పేరు మీదనే ఇప్పిస్తా."

యోగానంద చూపు పక్క గుంజల మీదికి మళ్ళింది. "పోనీ, పక్క సందులు?" అన్నాడు.

"ఆడ మండలం లీడర్లు ఉండారు. మా మొకాలకు ఒక పాయింటేనా అని ఇప్పుటికే అలిగినారు."

చిత్తూరు జట్టులో బాగా తన్నగలిగేవాడు మురుగేష్. నగరిలో మరమగ్గాల ఇంటి కుర్రాడు. ప్రాక్టీసుకు వచ్చి, పక్కనే నిలబడి అంతా విన్నాడు.

"మరి మేం యాడికి కొట్టాల?"

"దెగ్గిరిదాకా పో నాయనా. పోయి, దండం పెట్టుకోని ఎనక్కి రా," అన్నాడు కోదండం. "అలిపిరిలో మెట్లెక్కినోళ్ళు దర్శనం సేసుకోని రాల్యా? అట్నే."

ఆ రాత్రే ఆ పెన్ను అలా పరిగెత్తింది. మర్నాడు ప్రివ్యూ అచ్చయింది. "గోలు కొట్టేయాలన్న తొందరపాటు లేని పరిణతి ఇరుజట్ల ప్రధాన బలం. గోలు దాకా వెళ్ళి వెనక్కి రావడంలో మురుగేష్ సిద్ధహస్తుడు."

"నేనెప్పుడు ఎనక్కి వచ్చినాను సార్?" అని అడిగాడు మురుగేష్, పేపరు మడిచి.

యోగానంద షూ లేసు సరిచేసుకున్నాడు. అది ముందే సరిగ్గా ఉంది.

మ్యాచ్ నాడు గుమ్మడికాయ కొట్టారు. బంతి కింద గూడూరు నిమ్మకాయలు పెట్టారు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి నిలవక దొర్లిపోతే, ఉత్సాహంగా ఉందని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఆట మొదలైంది. కుర్రాళ్ళు పరిగెత్తారు, ఎగిరారు, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి బంతి పట్టారు. గుంజల దగ్గరికి రాగానే వినయంగా వెనక్కి తిరిగారు. జనం చప్పట్లు కొట్టారు. నాలుగు క్వార్టర్లలోనూ స్కోరు సున్నా దాటలేదు.

ఆఖరి నిమిషంలో మురుగేష్ మంత్రిగారి ఫ్లెక్సీకి ఎదురుగా గాల్లోకి లేచి బంతి పట్టాడు. అంతలో ఆట ముగిసినట్టు సైరన్ మోగింది. అలా పట్టినవాడు సైరన్ తర్వాత కూడా ఒకసారి తన్నవచ్చు. తన్నమని అంపైర్ విజిల్ ఊదాలి, అంతే.

ఆట అయిపోయిందనుకుని స్టేజీ మీద మంత్రిగారు మైకు అందుకున్నారు.

"ఇంత క్రమశిక్షణ నేను మెల్‌బోర్న్‌లో కూడా సూడలేదు. గెలవాలనే దురాశ లేదు, పెద్దల మీద గౌరవం ఉండాది. ఇదంతా ఎవురు నేర్పినారు? మన యోగానంద అయివారు. ఇట్లాటి మనిషిని ఏర్పేడు వదులుకోకూడదు. రిటైరయ్యేదాకా ఆయన్ని ఈ ఊరి నుంచి ఎవురూ కదిలించలేరు. ఇది నా హామీ."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కోదండం.

యోగానంద తనకు కోపం వస్తుందేమోనని లోపల వెతికి చూసుకున్నాడు. రాలేదు. ప్రివ్యూలో తను రాసిన, గోలు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి మురుగేష్ కాదు, తనేనని మాత్రం తోచింది.

"సార్," అన్నాడు మురుగేష్, బంతి రెండు చేతుల్లో పట్టుకుని. "కొట్టేదా, ఎనక్కి వచ్చేదా?"

కొండల వైపు నుంచి గాలి వీచింది. ఫ్లెక్సీలో మంత్రిగారి నోరు వెడల్పుగా తెరుచుకుంది.

యోగానంద మెడలోని విజిల్‌ను పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు.