హెల్మెట్టూ డాక్టరుగారి గడ్డమూ

క్లినిక్కుకి వెళ్ళేముందు కూతురికి హెల్మెట్టు కొనిచ్చేస్తే, ఆదివారం నుంచి పిల్ల సైకిలూ స్కేటింగూ రెండూ మొదలుపెడుతుందని పళ్ళ డాక్టరుగారి ఆలోచన. తీరా దుకాణానికి వెళ్ళాక పిల్ల పేచీ పెట్టింది. "ముందు నువ్వు పెట్టుకో నాన్నా. అప్పుడు నేను పెట్టుకుంటా."

"రెండిటికీ పనికొచ్చేది ఇదండీ, తల వెనక కూడా కిందిదాకా కప్పుతుంది," అంది దుకాణం ఆవిడ. "కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడం ఉండాలి. బెల్టు కింద ఒక వేలు దూరాలి. మీకు పెద్ద సైజు పడుతుంది."

"బిగుతుగా ఉంటేనే క్షేమం. డాక్టర్ని, నాకు తెలీదా?" అంటూ ఆయన చిన్న సైజు తీసి తలకి దిగ్గొట్టారు. క్లిప్పు టక్కున పడింది. పడుతూ పడుతూ, ఏళ్ళ తరబడి అపురూపంగా పెంచుకున్న గడ్డాన్ని కూడా కరుచుకుంది.

ఎంత లాగినా రాదు. బెల్టు కోద్దామంటే కొత్త హెల్మెట్టు. గడ్డం కత్తిరిద్దామని ఆవిడ అనేసరికి ఆయన మొహం పాలిపోయింది. "క్లినిక్కులో నా పనిముట్లున్నాయి, నేనే తీసుకుంటా" అన్నారు. పిల్ల మాత్రం ఆవిడ చెప్పిన కొలత ప్రకారం తనది బుద్ధిగా ఎంచుకుంది. పిల్లని బడి దగ్గర దింపి, ఆయన హెల్మెట్టుతోనే క్లినిక్కులో అడుగుపెట్టారు.

వరండాలో బుగ్గ పట్టుకుని కూర్చున్న ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పన్ను పీకడానికి ఆయనకే హెల్మెట్టా? మరి నా గతేంటే అమ్మాయ్?"

"భయపడకండి బామ్మగారూ," అంది నర్సు. "డాక్టరుగారి గడ్డం ఇరుక్కుపోయింది, అంతే."

ఆ మాట కుర్చీ కుర్చీకీ పెరిగింది. చివరి కుర్చీకి చేరేసరికి డాక్టరుగారి దవడ జారిపోయిందనీ, ఊడి కింద పడకుండా బెల్టేసి కట్టారనీ తేలింది. ఎవరో జాలిపడి పక్కవీధి పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశారు. ఇద్దరికీ ఎప్పటినుంచో పడదు. అయినా అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందా మరి!

"నోరు కదపొద్దు!" అని వస్తూనే గదమాయించాడు.

"అయ్యా, గడ్డం... గడ్డం..." అని ఈయన మొత్తుకుంటున్నారు.

"తెలుసండీ, అక్కడే పట్టుకుంటా!" అంటూ రెండు చేతులతో ఒక్క లాగు లాగాడు. క్లిప్పు ఊడింది. దాంతోపాటు సగం గడ్డమూ వచ్చింది. లోపలి కేక వినగానే వరండాలో జనం వీధిలోకి పరుగో పరుగు. వాళ్ళ వెనకే పక్కవీధి డాక్టరు కూడా.

మిగిలిన సగాన్ని ఉంచుకుని చేసేదేముంది? డాక్టరుగారు నిట్టూర్చి, నున్నగా గీసుకుని బయటికొచ్చారు. పంటి పోటు భరించలేక ముసలావిడ ఒక్కతే మిగిలింది. ఆవిడ పన్ను నొప్పి తెలియకుండా తీసేశారు.

"హాయిగా ఉంది నాయనా! కొత్తగా చేరావా?" అంది ఆవిడ. ఆయన జవాబు చెప్పేలోపే గుమ్మంలోకెళ్ళి వీధంతా వినపడేలా కేకేసింది. "రండర్రా! ఆ గడ్డమాయన లేడు! ఎవరో కుర్రాడొచ్చాడు, చెయ్యి ఎంత తేలికో!"

సాయంత్రందాకా కుర్చీలు ఖాళీ కాలేదు. పాత డాక్టరుగారికి ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.