ఈత వచ్చినట్టు ధ్రువపత్రం

మనిషి జీవితంలో అబద్ధం ఒక్కసారే ఆడతాడు. మిగతావన్నీ దానికి జతచేసే పత్రాలు.

ఈ మాట నేను ఉద్యోగానుభవంతో చెబుతున్నాను. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, క్వాలిటీ రికార్డుల విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. విడిభాగం సంగతి ఎలా ఉన్నా, దాని గురించి మొదటి కాగితంలో ఏం రాశామో చివరి కాగితంలోనూ అదే ఉండాలన్నది మా విభాగపు మూలసూత్రం. (విడిభాగాన్ని స్వయంగా చూడటానికి వేరే విభాగం ఉండేది. వాళ్ళు మా కాగితాలు చూసేవారు.) సిటిజన్‌షిప్‌కి అప్లై చేసిన నాటి నుంచి ఇంట్లోనూ ఈ సూత్రమే అమలు చేశాను. కొత్త ఫారం ఏది వచ్చినా పాత ఫారం జిరాక్సు పక్కన పెట్టుకుని నింపాలి. "ముందు ఫారంలో ఏం రాశామో ఇందులోనూ అదే ఉండాలి" అని నేను గుర్తు చేస్తే మా ఆవిడ వాసంతి సరేనని తలూపేది.

నా అసలు అబద్ధం 1988 నాటిది. పెళ్ళిచూపులకు ముందు పంపే బయోడేటాలో హాబీలు అనే గడి ఖాళీగా మిగిలిపోయింది. ఖాళీ గడి కనిపిస్తే నాకు అప్పట్లోనే ప్రాణం ఊరుకునేది కాదు. "ఈత" అని రాశాను. మాది కదిరి. ట్యాంకరు వచ్చిన రోజే మా వీధికి పండగ. అక్కడ ఈత నేర్చుకోవాలంటే బిందెలోకి దిగాలి. అయితేనేం, రెండక్షరాల మాట, గడిలో చక్కగా ఇమిడింది.

వాసంతిది బాపట్ల. సముద్రం పక్కనే పెరిగినా చీలమండలు దాటి తడవని మనిషి. ఆడపిల్లలు అంతకన్నా లోపలికి వెళ్ళరాదని వాళ్ళ నాన్నగారి శాశ్వత ఉత్తర్వు. ఆవిడకు మొత్తం మూడు బయోడేటాలు వచ్చాయట. ఒకాయన హాబీ పుస్తక పఠనం, ఇంకొకాయనది స్టాంపుల సేకరణ. మూడోది నాది. నన్ను ఎందుకు ఒప్పుకుందో పెళ్ళయిన వారానికి తనే చెప్పింది. నాకు ఈత వచ్చని ఉంది కాబట్టి తనకు నేర్పిస్తాననుకుందట.

తప్పకుండా నేర్పిస్తానన్నాను. వాళ్ళ ఊరి పక్క సూర్యలంక బీచిలో కెరటాలు పెద్దవన్నాను. కెనడా వచ్చాక లేక్ ఒంటారియోలో నీళ్ళు చల్లనన్నాను. మోటెల్ పూల్‌లో క్లోరిన్ ఎక్కువన్నాను. నయాగరా దగ్గర ఆమె ఏమీ అడగలేదు, అయినా నేనే ముందుజాగ్రత్తగా ఇక్కడ ప్రవాహం బాగా లేదన్నాను. ఈలోగా నా రెజ్యూమేలో ఈత చేరింది, ఇన్సూరెన్స్ ఫారంలో వ్యాయామం అన్న గడిలోనూ చేరింది. ఏజెంటు నా గుండెను మెచ్చుకున్నాడు. మూడు ఫారాల్లో ఒకేలా ఉన్న విషయాన్ని నేను మాత్రం ఎలా అనుమానించను?

ఇలా ముప్పై ఏడేళ్ళు గడిచాక ఒషావాలో ఉండే రిటైర్డ్ డాక్టరు మధుసూదన్ గారు వాట్సాప్‌లో ఒక లింకు పంపారు. గ్రీసులో యాట్ అనే విలాస పడవ మీద ఒకరోజు ప్రయాణం. ఎనిమిది మందికి మించని సన్నిహిత బృందం (అంటే ఒకరి సన్‌స్క్రీన్ వాసన మరొకరికి ఖాయంగా తెలిసేంత సన్నిహితం). మధ్యధరా సముద్రంలో మనుషులుండని చిన్న ద్వీపం, తెల్లటి ఇసుక. అక్కడ పడవ ఆగడానికి రేవు లేదు కాబట్టి ఒడ్డుకు యాభై మీటర్ల దూరంలో లంగరు వేస్తారు. అక్కడి నుంచి అతిథులు ఈదుకుంటూ వెళ్ళాలి.

వాసంతి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మా ఇంట్లో ఏ ప్రయాణమైనా "చూద్దాం"తో మొదలై "వచ్చే ఏడు చూద్దాం"తో ముగుస్తుంది. ఆ రోజు మాత్రం ఆవిడ "వెళ్దామండీ" అంది. నేను నోరు తెరిచేలోపు మధుసూదన్ గారి భార్య రాగిణి గారికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

కెనడా పాస్‌పోర్టు చేతికొచ్చాక మనకు వీసా ఫారాలు నింపే భాగ్యం తగ్గిపోయింది. ఆ లోటు యాట్ కంపెనీ వారి అతిథి జలభద్రతా విభాగం తీర్చింది. పద్నాలుగు పేజీల స్వీయ ప్రకటన పంపారు. దాని ప్రకారం మానవులు మూడు రకాలు. ఈత వచ్చినవారు ఈత అతిథులు. ఈత రాకపోయినా వచ్చినవారి పూచీ మీద నీళ్ళలో దిగేవారు తోడు గల అతిథులు. ఇద్దరూ కానివారు వీక్షక అతిథులు, వీరు పడవ మీదే కూర్చుని భోంచేస్తూ బీచిని వీక్షించవచ్చు. పూచీ ఇచ్చే తోడు వ్యక్తి గత పన్నెండు నెలల్లో జారీ అయిన ఈత ధ్రువపత్రం జతపరచాలి.

వాసంతి తన ఫారంలో ఈత రాదు అని టిక్కు పెట్టింది. తోడు వ్యక్తి పేరు దగ్గర అందమైన అక్షరాలతో నా పేరు రాసింది. ఎన్నేళ్ళ అనుభవం అన్న గడిలో ముప్పై ఏడు అని వేసింది. తర్వాత పాత కాగితాల సంచీలోంచి నా బయోడేటా తీసి నా పక్కన పెట్టింది. నేను నేర్పిన పద్ధతే.

అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు కదా అని మీరంటారు. క్వాలిటీ రికార్డుల్లో మీరు పనిచేయలేదు కాబట్టి అంటారు. పాత రికార్డు తప్పని తేలితే దాన్ని దిద్దకూడదు. వస్తువునే రికార్డుకు తగ్గట్టు మార్చాలి. నేను ఈత నేర్చుకోవడానికి నిశ్చయించుకున్నాను.

స్కార్‌బరోలో మా ఇంటి దగ్గరున్న కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దల ఈత క్లాసులకు మంగళవారం ఉదయం ఏడింటికి రిజిస్ట్రేషన్ తెరిచారు. ఏడు దాటి రెండు సెకన్లకు నా ముందు నాలుగు వేల రెండువందల పన్నెండు మంది ఉన్నారని తెర మీద వచ్చింది. ఏడుంపావుకి నా వంతు వచ్చేసరికి నా వయసుకు మిగిలిన ఏకైక క్లాసు తాత-మనవడు జలక్రీడలు. దానికి మనవడు తప్పనిసరి.

స్వయంగా కౌంటరుకు వెళ్ళాను. అక్కడ జల స్థాయి నిర్ధారణ అధికారిణి డోరీన్ నన్ను మర్యాదగా కూర్చోబెట్టి విధానం వివరించింది. క్లాసులో చేరాలంటే ముందు నా స్థాయి తెలియాలి. స్థాయి పరీక్ష నీళ్ళలో జరుగుతుంది. క్లాసులో చేరనివారిని నీళ్ళలోకి దింపరు. ఇంత పకడ్బందీ వ్యవస్థను నేను ఫ్యాక్టరీలో కూడా చూడలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. చివరికి ఎవరో ఒకరు జలుబు చేసి మానేయడంతో, నీటి భయం గల వయోజనుల క్లాసులో సీటు దొరికింది. మంగళ, గురువారాలు, మధ్యాహ్నం పన్నెండున్నర.

లైబ్రరీకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. లైబ్రరీ అదే భవనంలో ఉంది కాబట్టి ఇది సాంకేతికంగా అబద్ధం కాదు. తడి నిక్కరు కారు డిక్కీలో ఆరేసేవాణ్ణి. వాసంతికి ఏ అనుమానమూ రాలేదు. మూడో వారం నుంచి ఆవిడే నా పుస్తకాల సంచీలో ఒక తువ్వాలు మడిచి పెట్టేది. లైబ్రరీలో ఏసీ ఎక్కువట.

మాకు నేర్పే అమ్మాయి పేరు సాత్విక. మన తెలుగువాళ్ళ పిల్లే, పుట్టింది ఇక్కడే, ఒషావాలో యూనివర్సిటీలో చదువుతోంది. గోడ పట్టుకుని కాళ్ళు కొట్టమంది. కాళ్ళు కొట్టాను. ముఖం నీళ్ళలో పెట్టమంది. పెట్టాను. గోడ వదలమంది. ఇక్కడ మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. అది ఐదు వారాలు నడిచింది. ఆ ఐదు వారాల్లో ఒకరోజు నేను ఆ అమ్మాయికి జరిగినదంతా చెప్పాను.

"అంకుల్, వై డోంట్ యు జస్ట్ టెల్ హర్?" అంది.

రికార్డుల నిర్వహణ గురించి నేను వివరించాను. విని, ఓకే అంకుల్ అని, నా చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా గోడ నుంచి విడదీసింది.

పదో వారం పరీక్ష పెట్టారు. ఇరవై ఐదు మీటర్లు ఈదాలి. నేను పదకొండు ఈదాను. గట్టు మీద రాసిన అంకె చూసి చెబుతున్నాను, ఊహించి కాదు. పన్నెండో మీటరు దగ్గర సాత్విక దిగి నన్ను తీసుకొచ్చింది. పాసైనవాళ్ళకు ధ్రువపత్రం, మిగతావాళ్ళకు పాల్గొన్నట్టు పత్రం ఇచ్చారు. నా దాని మీద నా పేరు, స్విమ్మింగ్ అన్న మాట, తేదీ, నవ్వుతున్న డాల్ఫిన్ బొమ్మ ఉన్నాయి. దాన్నే యాట్ కంపెనీ పోర్టల్‌లో ఎక్కించాను. అరనిమిషంలో జవాబు వచ్చింది. ఫైలు సైజు రెండు ఎంబీ కన్నా తక్కువ ఉన్నందున నన్ను ఈత అతిథిగా, తోడు వ్యక్తిగా ఆమోదించారు.

సెప్టెంబరులో వెళ్ళాం. ద్వీపం బ్రోషరులో ఉన్నట్టే ఉంది. రికార్డుతో సరిపోయిన వస్తువును నేను చూడటం అదే మొదలు. యాట్ లంగరు వేశాక కెప్టెన్ జాబితా పట్టుకుని లైఫ్ జాకెట్లు పంచాడు. ఈత రాదని ఫారంలో రాసినవారికి తలా ఒకటి. వాసంతికి నారింజ రంగుది వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆయన జాబితా చూసి, మీరు ఈత అతిథి, మీకు జాకెట్ కేటాయింపు లేదన్నాడు. పడవలో ఇంకో పెట్టె నిండా జాకెట్లున్నాయి, కానీ అవి పడవ మునిగితే వాడటానికట, సీలు వేసి ఉన్నాయి. ప్రస్తుతం పడవ మునగడం లేదు.

ఎనిమిది మందిలో ఐదుగురు అప్పటికే దూకేశారు. మధుసూదన్ గారు నీళ్ళలోంచి రావయ్యా రంగనాథ్ అని పిలుస్తున్నారు. రాగిణి గారు నిచ్చెన కింద వాసంతి కోసం ఆగారు. వాసంతి నిచ్చెన దగ్గర నిలబడి నా కోసం ఆగింది. ఒడ్డు యాభై మీటర్లు. నాకు వచ్చింది పదకొండు. మిగతా ముప్పై తొమ్మిది మీటర్లకు నా దగ్గర డాల్ఫిన్ బొమ్మ ఉంది.

"వాసంతీ, నాకు ఈత రాదు" అన్నాను.

ఆవిడ జాకెట్ బకిల్ బిగించుకుంటోంది. తల ఎత్తలేదు.

"తెలుసండీ. తల తడుపుకుని లైబ్రరీ నుంచి వచ్చిన రోజే తెలిసింది."

మరి అప్పుడే అడగలేదేమని అన్నాను. నేనే చెబుతానేమోనని చూసిందట. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు సుఖంగా ఉండేది. బకిల్ టక్కున పడ్డాక అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"రాదని అప్పుడే చెప్పుంటే ఇంకెవరి దగ్గరైనా నేర్చుకునేదాన్ని కదండీ. వచ్చన్నారు కాబట్టి ఆగాను."

నా దగ్గర దీనికి పత్రం ఏదీ లేదు. సిగ్గేసింది. కెరటాలు పెద్దవన్న రోజు, నీళ్ళు చల్లనన్న రోజు, క్లోరిన్ అన్న రోజు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ప్రతిసారీ ఆవిడ సరేనని తువ్వాలు మడిచి సంచీలో పెట్టేసుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది. నన్ను చేసుకున్నందుకు కాదు, నన్ను నమ్మినందుకు ఆవిడ నీళ్ళలో దిగలేదు.

తోడు వ్యక్తి లేకుండా ఆమెను దింపవచ్చా అన్న సందేహం కెప్టెన్‌కు వచ్చింది. నియమావళి తీశాడు. తోడు వ్యక్తి అతిథిని నిరంతరం కంటితో గమనిస్తూ ఉండవలెను అని ఉంది. ఎక్కడ నిలబడి గమనించాలో లేదు. నన్ను రెయిలింగ్ దగ్గర ఒక కుర్చీలో కూర్చోబెట్టి, గమనించండి అన్నాడు.

గమనించాను. వాసంతి నిచ్చెన ఒక్కో మెట్టూ దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చినప్పుడు గట్టిగా ఊపిరి పీల్చింది. రాగిణి గారు ముందు వెళ్తుంటే ఒడ్డు దాకా కట్టిన తాడు పట్టుకుని కొంతదూరం వెళ్ళింది. సగం దూరంలో తాడు వదిలేసింది. వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నవ్వు వినిపించింది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అంత కొద్దిమందిలోనూ అది ఎవరిదో కాసేపు నాకు అర్థం కాలేదు.

ఒడ్డు చేరాక ఆవిడ ఇసుకలో కూర్చోలేదు. మళ్ళీ నీళ్ళలోకే వచ్చింది. మూడు గంటల్లో ఏడుసార్లు. పడవ వైపు ఒకసారి చెయ్యి ఊపింది, నాకో కెప్టెన్‌కో తెలియలేదు. నేను వీక్షక అతిథుల భోజనం చేశాను. ఆలివ్ పళ్ళు ఉప్పగా ఉన్నాయి.

స్కార్‌బరో తిరిగొచ్చిన వారానికి యాట్ కంపెనీ అభిప్రాయ ఫారం పంపింది. ఈసారి వాసంతి నన్ను పిలవకుండా, పాత జిరాక్సులు తీయకుండా, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని తనే నింపింది. నేను వెనక నిలబడి గమనించాను. ఆ పని మీద నాకిప్పుడు మంచి పట్టుంది.

ఈ అనుభవం కోసం మీరు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు అని అడిగారు. ఒక నెల, మూడు నెలలు, ఆరు నెలలకు పైన. అంతకన్నా పెద్ద గడి లేదు. ఆవిడ మూడోది నొక్కింది.

చివరి ప్రశ్న, నీళ్ళలో మీ తోడు వ్యక్తి తన బాధ్యత నిర్వర్తించారా అని. ఆవిడ అవును అని టిక్కు పెట్టింది. వాసంతీ, అది నిజం కాదు కదా అన్నాను.

"ముందు ఫారంలో ఏం రాశామో ఇందులోనూ అదే ఉండాలి కదండీ" అని సబ్మిట్ నొక్కింది.

మా ఇంట్లో ఈ రూలు పెట్టింది నేనే.