పడటంలో డిప్లొమా

నా నోటిదగ్గరి కూడు లాగేసినవాడు మా మునిసిపాలిటీలో వృద్ధుల సంక్షేమం చూసే హెర్బెర్ట్ స్లొటెమేకర్. అయినా ముందు ఆయన చేసిన మేలే చెప్పాలి.

నేను వీధుల్లో ఇటుకలు పరిచేవాణ్ణి. నెదర్లాండ్స్‌లో మా ఊరిది మెత్తటి నేల. ఒక ఇటుక దిగబడితే పక్కది లేస్తుంది. పోయిన శీతాకాలం చర్చి వీధి కాలిబాట మీద తొమ్మిదిమంది ముసలివాళ్లు బోర్లా పడ్డారు. మా పక్కింటి ఆల్డా అత్తకు మణికట్టు విరిగింది. బాట సరిచేసే పని పందొమ్మిది వేల నాలుగు వందల అరవై యూరోలకు నాకు ఒప్పజెప్పారు. ఇసుక కూడా తోలించాను.

అంతలో స్లొటెమేకర్ గారికి జ్ఞానోదయమైంది. "లోపం ఇటుకల్లో లేదు! మన వృద్ధులకు శాస్త్రీయంగా పడటం రాదు!" అని సభలో ప్రకటించారు. సభ్యులు బల్లలు చరిచారు.

మా దేశంలో పిల్లలకు ఈత వస్తే చాలదు, ఏ, బీ, సీ డిప్లొమాలు కావాలి. పడటానికీ అవే మూడూ మంజూరయ్యాయి. ఏ అంటే వ్యాయామశాలలో పరుపు మీద పక్కకు దొర్లడం. బీ అంటే ఆరుబయట, కోటుతో. సీ అంటే ఒక చేత కూరల సంచీ, మరో చేత కుక్క. కుక్కను మునిసిపాలిటీయే ఇస్తుంది. కాఫీతో తలా ఒక్క బిస్కెట్టు. బీ, సీ పరీక్షలకు ఎగుడుదిగుడు బాట అవసరం గనక చర్చి వీధిని పరీక్షా కేంద్రంగా గుర్తించి, నా పనిని 'తాత్కాలికంగా' ఆపారు.

అయినా మనసొప్పక, ఒకరోజు రబ్బరు సుత్తి పట్టుకుని వెళ్లాను. ఆల్డా అత్త అడ్డం నిలబడింది.

"ఆ ఇటుక మీద చెయ్యి వేశావో, చూడు!"

"నీ చెయ్యి విరగ్గొట్టిన ఇటుకే కదత్తా!"

"అప్పుడు నాకు పడటం రాదురా. మంగళవారం సీ పరీక్ష. ఎదురింటి ట్రూస్‌కు అప్పుడే వచ్చేసింది, దాని పొగరు చూడలేక చస్తున్నా. నువ్వు చదును చేసేస్తే నేనెక్కడ పడను?"

"అసలు పడకుండా ఉంటే పోదా?"

"బడి మధ్యలో ఎగ్గొట్టినవాడివి, నీకేం తెలుస్తుందిరా కోబస్, చదువు విలువ!"

వీధి వీధంతా సంతకాలు పెట్టి, బాటను ఎన్నటికీ బాగుచేయవద్దని విన్నవించుకుంది. మునిసిపాలిటీ ప్రజాభిప్రాయాన్ని శిరసావహించి నా ఒప్పందం రద్దు చేసింది.

మంగళవారం ఆల్డా అత్త సంచీతో, కుక్కతో అద్భుతంగా పడింది. ఒంటి మీద గీరైనా లేదు. కుక్క మాత్రం కుంటుతోంది. దాని వయసు పథకం పరిధిలోకి రాదు. స్లొటెమేకర్ గారు ఆమె మెడలో పతకం వేసి, "ఇక ఈ ఊళ్లో పడటం రాని వృద్ధులు ఉండరు!" అన్నారు.

ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కొట్టకపోతే వృద్ధుల భద్రత గిట్టనివాడంటారు. ఆ చప్పట్లకు నాకైన ఖర్చు పందొమ్మిది వేల నాలుగు వందల అరవై యూరోలు.