తనిఖీకి అరువు పిల్లి

ఆ ఆదివారం ఉదయం సైరన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, స్నానం చేయడం, ఇల్లంతా చివరిసారి ఒక చుట్టు చూసుకోవడం, పదకొండింటికి వచ్చే తనిఖీ ఆవిడకు తలుపు తీసి నవ్వడం. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. సైరన్‌ని ఎరిగినవాళ్లు మాత్రం అనుకోరు.

సైరన్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఆయన ఓ పెద్ద ఆఫీసు భవనంలో అగ్నిప్రమాదాలు జరక్కుండా చూసే అధికారి. నెలకోసారి ఎవరికీ చెప్పకుండా సైరన్ మోగించేసి, జనం గుండెలు బాదుకుంటూ మెట్లు దిగుతుంటే కింద నిలబడి స్టాప్‌వాచ్ చూసుకుంటాడు. "ముందే చెప్పి చేస్తే అది డ్రిల్ కాదు, నాటకం" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యమా అని ఒకసారి అకౌంటెంటు మొదటి అంతస్తు కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. సైరన్ ఆస్పత్రికి పళ్లు పట్టుకుని వెళ్లి, కిటికీలోంచి దిగడం నిబంధనలకు విరుద్ధమని ఆయనకే మెమో ఇచ్చి వచ్చాడు.

ఇప్పుడు ఇంట్లో ఇంత హడావుడికి కారణం ఒక పిల్లి. దిక్కులేని పిల్లుల్ని చేరదీసే షెల్టర్‌కి సైరన్ భార్య ఎవరితోనో సరదాగా వెళితే, సగం తోక తెగిన బూడిదరంగు పిల్లి ఒకటి ఆమె ఒళ్లోకెక్కి దిగనంది. ఆమె ఇంటికి వచ్చి, ఎన్నో ఏళ్ల తర్వాత నోరు తెరిచి మొగుణ్ణి ఒకటి అడిగింది.

"దాన్ని తెచ్చుకుందామండీ. నన్ను చూసి దగ్గరికొచ్చేది ఇంట్లో ఒకటుంటే బాగుంటుంది."

సైరన్ మనసు చివుక్కుమంది. నగలడిగిన మనిషి కాదు, ఊళ్లు తిప్పమన్న మనిషి కాదు. ఈమధ్య మాట్లాడటమే మానేసిన మనిషి. ఇది కూడా చేసిపెట్టలేకపోతే ఆమె ఇక జన్మలో తనని ఏదీ అడగదని ఆయనకు తెలుసు. అందుకే ఈ ఒక్క పనీ పకడ్బందీగా చేయాలని నిర్ణయించుకున్నాడు. కొంప ముంచింది అదే.

పిల్లిని ఇచ్చేముందు షెల్టర్ నుంచి ఒకరు వచ్చి ఇల్లు చూసి వెళతారు. అది వినగానే సైరన్ ఆఫీసుకు సెలవు పెట్టి ఇంటి మీద పడ్డాడు. కిటికీలకు వలలు కొట్టించాడు. సాకెట్లకు మూతలు బిగించాడు. వంటింటి అలమరాల వెనక పిల్లి దూరుతుందని ఆ సందులన్నీ ప్లైవుడ్‌తో మూయించాడు. తర్వాత భార్య వస్తువుల మీదికి వచ్చాడు. ఆమె పెంచుకుంటున్న లిల్లీలు పిల్లులకు విషమట, కుండీలు వీధి చివరికి వెళ్లాయి. కుట్టుపెట్టెలో దారాలున్నాయి, పిల్లి మింగితే పేగులకు చుట్టుకుంటాయట, పెట్టె కారు డిక్కీలోకి వెళ్లింది. కిటికీ పక్కన ఆమె కూర్చునే పేము కుర్చీ ఉంది. పిల్లి దాని మీదికెక్కి అక్కణ్ణుంచి కిటికీకి గెంతుతుందట, కుర్చీ కూడా డిక్కీలోకి వెళ్లింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అందామె.

"ముందు పిల్లిని రానీ. తర్వాత చూద్దాం."

ఆ ఇంట్లో పిల్లికి హాని చేసేవన్నీ ఆమెకు ఇష్టమైనవే కావడం కేవలం కాకతాళీయం. సైరన్ వస్తువులు, అదేం చిత్రమో, పిల్లుల జోలికి పోయేవి కావు.

సరే, ఆదివారం కాఫీ అయింది. స్నానం అయింది. ఇల్లంతా తిరిగొచ్చి సైరన్ నుదురు చిట్లించాడు.

"ఏమోయ్, అన్నీ చేశాం గానీ ఒక్కసారి కూడా పరీక్షించలేదు."

"పరీక్షించడానికేగా ఆవిడ వస్తోంది."

"ఆవిడ కంటే ముందు మనం చూసుకోవాలి. రిహార్సల్ చెయ్యాలి. ఓ పిల్లి కావాలి."

పిల్లి కింద వాటాలోనే ఉంది. అక్కడుండే పంటి డాక్టరు దాన్ని ప్రాణంలా పెంచుకుంటోంది. పేరు దొర. తెల్లటి, బరువైన పిల్లి. మెట్ల మధ్యలో పడుకుంటే మనుషులే పక్కనుంచి వెళ్లాలి తప్ప తను జరిగే రకం కాదు. పంటి డాక్టరుకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఇంటికి రాగానే ఆవిడ కబుర్లన్నీ దొరతోనే.

"ఆవిడని అడిగి తెచ్చుకోండి" అంది భార్య.

"అడిగితే ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. దానికి ధైర్యం చెబుతుంది. అప్పుడది డ్రిల్ ఎలా అవుతుంది?"

"ఆవిడ పిల్లి కదండీ!"

"పావుగంటలో మళ్లీ మెట్ల మీద పెట్టేస్తాలే. ఆవిడకే కాదు, పిల్లికి కూడా తెలీదు."

చేపముక్క ఒకటి ఎరగా చూపించగానే దొర తనంతట తానే మెట్లెక్కి వచ్చాడు. హాలంతా వాసన చూశాడు. వలలు చూశాడు, మూతలు చూశాడు, ఏదీ తన స్థాయికి తగ్గట్టు లేదన్న మొహం పెట్టి నేల మీద పడుకున్నాడు. సైరన్ సంతోషంతో చేతులు రుద్దుకున్నాడు. అక్కడితో ఆపి ఉంటే ఆయన కాపురం మరికొంత కాలం ఈడ్చుకుంటూ సాగేది. కానీ అత్యవసర పరిస్థితిలో పిల్లి ఎలా ప్రవర్తిస్తుందో తెలియకపోతే రిహార్సల్ పూర్తయినట్టు ఎలా అవుతుంది? ఆయన స్టూలెక్కి, పొగ వస్తే కూతపెట్టే యంత్రం బొత్తాం నొక్కాడు.

ఇల్లదిరిపోయింది. దొర ఉన్నచోటే నిలువునా లేచి, కర్టెన్ మీదుగా టీవీ మీదికి, టీవీ మీంచి వంటింట్లోకి తెల్లటి గీతలా వెళ్లిపోయాడు. సింకు కింద ప్లైవుడ్‌కి గొట్టం కోసం వదిలిన కన్నం ఒకటుంది. అంత ఒళ్లు అందులోంచి ఎలా దూరిందో దేవుడికే తెలియాలి. లోపల్నుంచి ఏదో దొర్లిన చప్పుడు వచ్చింది, తర్వాత నిశ్శబ్దం.

"దొరా! నాయనా! రారా!" సైరన్ నేల మీద బోర్లా పడుకుని బతిమాలాడు. చేప చూపించాడు. పాలు చూపించాడు. భయానికి దూరినంత తేలిగ్గా ఎవరైనా బయటికొస్తారా?

"స్క్రూడ్రైవర్ ఇటివ్వు. ప్లైవుడ్ ఊడదీస్తా."

"పనిముట్లు పదునుగా ఉంటాయని డిక్కీలో పెట్టారు."

"కారు తాళాలు?"

"గుత్తి వేలాడితే పిల్లి లాగుతుందని ఆఫీసు లాకర్లో పెట్టొచ్చారు."

సైరన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడే డోర్‌బెల్ మోగింది. గుమ్మంలో పంటి డాక్టరు, కాళ్లకు చెప్పుల్లేవు.

"అన్నయ్యగారూ, మా దొర గానీ పైకొచ్చాడా?"

నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. వెనక భార్య మాట్లాడబోతోందని తెలిసి, సైరన్ తలుపుకి అడ్డంగా జరిగాడు.

"లేదమ్మా. ఇటు రాలేదే."

తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి భార్య ఆయన్నే చూస్తోంది.

"అబద్ధం చెప్పారు."

"అబద్ధం కాదు, వాయిదా. తనిఖీ అయిపోగానే నేనే ఎత్తుకెళ్లి ఇస్తా. ఈలోపు గొడవైతే నీ పిల్లి చెయ్యి జారిపోతుంది. నీ కోసమేనే ఇదంతా!"

ఆ చివరి మాట ఆమె పెళ్లయిననాటి నుంచీ వింటోంది. ఆమె చేసిన ఉద్యోగం మానిపించింది కూడా ఆ మాటతోనే. ఆమె కిటికీ దగ్గరికెళ్లి, కుర్చీ లేదు గనక నిలబడింది.

కింద పరిస్థితి చెయ్యి దాటుతోంది. పంటి డాక్టరు "దొరా, దొరా" అని పిలుస్తూ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతుంటే ఇరుగుపొరుగు బయటికొచ్చారు. బండి మీద ఎవరో తెల్లగా ఏదో పట్టుకెళ్లడం చూశానని ఒకాయన అన్నాడు. అట్టపెట్టెలో పెట్టుకెళ్లారని రెండో ఆయన సర్దాడు. సరిగ్గా అప్పుడే వీధిలోకి కొరియర్ అతను అట్టపెట్టెలతో దిగాడు. ఇంకేముంది, పాపం, అతని బండి ఆపి, పెట్టెలన్నీ కిందకి దింపించి, ఒక్కొక్కటే విప్పడం మొదలెట్టారు. ఓ పెట్టెలోంచి ఎవరివో కొత్త చెప్పులు బయటపడ్డాయి.

"వెళ్లి చెప్పేయండి. ఆ మనిషిని దొంగంటున్నారు" అంది భార్య.

"ఇంకాసేపట్లో ఆవిడొచ్చేస్తుందే! ఇప్పుడు చెబితే ఏం బాగుంటుంది?"

తనిఖీ ఆవిడ అప్పటికే వచ్చేసింది. మోచేతుల దాకా గోళ్ల గీతలున్న పెద్దావిడ, భుజాన గుడ్డసంచి. పిల్లి పోయిందని వినగానే వచ్చిన పని మరిచి వెతుకులాటలో దిగింది, కొరియర్ అతన్ని గుంపు చేతుల్లోంచి విడిపించింది, ఏడుస్తున్న పంటి డాక్టరు భుజం మీద చెయ్యి వేసింది. "పైన చిన్న పనుంది, చూసుకుని మళ్లీ వెతుకుదాం. మీరు ఒక్కరే ఇక్కడ కూర్చోకండి, నాతో రండి" అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

ఇద్దరినీ కలిపి గుమ్మంలో చూసేసరికి సైరన్ నవ్వాడు. పథకం ప్రకారం నవ్వాల్సిన నవ్వే గానీ, అది మొహం మీదికి వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది.

తనిఖీ ఆవిడ అన్ని గదులూ చూసింది. వలలు ముట్టుకుంది. మూతలు చూసి ఊఁ అంది. సైరన్ వెనకాలే తిరుగుతూ ఒక్కోదాని గుణగణాలూ వర్ణించాడు. ఆవిడ మాత్రం భార్య వైపు తిరిగి అడిగింది.

"మీరెక్కడ కూర్చుంటారమ్మా?"

భార్య హాలంతా చూసింది. 

అప్పుడు వంటింట్లోంచి "మ్యావ్" అని వినిపించింది.

సైరన్ గట్టిగా దగ్గాడు. మళ్లీ వినిపించింది.

"నా ఫోనండీ. పిల్లొస్తోందని ఆ కూత పెట్టుకున్నా" అన్నాడు. ఆ క్షణంలోనే జేబులో ఫోన్ మోగింది. అగ్నిప్రమాదాల అధికారి ఫోన్ ఎలా మోగాలో అలాగే, సైరన్‌లా మోగింది. ఆ మోతకి చెక్క వెనక దొర గొంతు చించుకుని అరిచాడు.

పంటి డాక్టరు ఉలిక్కిపడింది. "అది మా దొర గొంతు!"

"కాదమ్మా, కాదు. అది మా ఆవిడ! పిల్లికి అలవాటు కావాలని ఈమధ్య పిల్లిలా అరవడం సాధన చేస్తోంది." చెమటలు కారిపోతుండగా పక్కనే నోరు మూసుకుని నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "ఏదీ, ఓసారి అనవే. అను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఇన్నేళ్లుగా తెలిసిన లెక్కే మళ్లీ సరిపోయినట్టు చూసింది.

"దొర వంటింట్లో చెక్క వెనక ఉన్నాడండీ" అంది పంటి డాక్టరుతో. "పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు. మా ఆయన రిహార్సల్ కోసం తెచ్చారు. నాకు తెలిసీ చెప్పలేదు, తప్పు నాది కూడా."

అని వంటింట్లోకి నడిచి, పొయ్యి మీది ఇనప పెనం తీసి ప్లైవుడ్‌ని ఒక్కటి వేసింది. రెండోది వేసింది. మూడో దెబ్బకి చెక్క చీలింది, అయినా ఆమె ఆపలేదు. ఆ దెబ్బలు చెక్కకి మాత్రమే కావని హాల్లో ఉన్న ముగ్గురికీ అర్థమైంది. మూడోవాడు అర్థం కానట్టు నిలబడ్డాడు.

దుమ్ము కొట్టుకుపోయి బూడిదరంగుకి తిరిగిన దొరను గుండెకు హత్తుకుని పంటి డాక్టరు గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అమ్మా అని పిలిచి మరీ చెప్పారు కదా అన్నయ్యగారూ, రాలేదని."

ఆవిడ వెళ్లిపోయాక సైరన్ గొంతు సవరించుకున్నాడు.

"జరిగింది జరిగిపోయిందండీ. ఇల్లు మాత్రం చూడండి. ఇంతకంటే భద్రమైన ఇల్లు మీకెక్కడా దొరకదు."

"ఈ ఇంటికి పిల్లిని ఇవ్వలేనండీ" అంది తనిఖీ ఆవిడ. "అసలు ఇవాళ చూడటానికేమీ లేదు. మీ ఆవిడ ముందే ఫొటోలు పంపారు. కిటికీ పక్కన కుర్చీ, చేతిలో కుట్టుపని, చుట్టూ మొక్కలు. లిల్లీలొక్కటీ తీసేస్తే సరిపోతుందనుకున్నాం. ఊరికే పలకరించి పిల్లిని ఎప్పుడు పంపాలో చెప్పిపోదామని వచ్చాను. ఆ ఫొటోల్లో ఇల్లు ఇదేనా?"

  జీవితంలో మొదటిసారి సైరన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. భార్యకు సారీ చెప్పాలనిపించింది, అదెలా మొదలెట్టాలో రిహార్సల్ లేక ఆగిపోయాడు.

భార్య కళ్లు తుడుచుకుని, ఆవిణ్ణి అడిగింది.

"రెండు వీధులవతల మా అక్క ఉంటుంది. ఆ ఇంటికైతే ఇస్తారా?"

"ఇల్లు మారితే మళ్లీ వచ్చి చూస్తానమ్మా."

"మీ అక్క ఇంట్లోనా?" సైరన్ తేరుకున్నాడు. "పిల్లి అక్కడుంటే రోజూ నువ్వెలా చూసుకుంటావే?"

"నేనూ అక్కడే ఉంటాగా" అంది ఆమె.

ఆయన దాన్ని బెదిరింపు అనుకున్నాడు. సాయంత్రం ఆమె ఒక సంచితో మెట్లు దిగుతుంటే, కోపం చల్లారేదాకా అనుకున్నాడు. ఎప్పుడన్నది ముందే చెప్పకుండా వెళ్లిపోయింది గనక, తన సిద్ధాంతం ప్రకారం ఇది నాటకం కాదని మర్నాటికి గాని ఆయనకు తట్టలేదు.

ఆ వారం చివర్లో వదినగారికి ఫోన్ చేస్తే ఆవిడ ముక్తసరిగా మాట్లాడింది. తనిఖీ ఆవిడ వచ్చి వెళ్లిందట. వలలు లేవు, మూతలు లేవు, తీగలన్నీ బయటే ఉన్నాయట. ఆవిడ టీ తాగి, అంతా బాగుందని, మర్నాడే పిల్లిని దించి వెళ్లిందట. ఇప్పుడది చెల్లెలి ఒళ్లోనే ఉందట.

సైరన్ ఫోన్ పెట్టేసి ఇల్లంతా ఒక చుట్టు తిరిగాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఆ ఇంట్లో ఇక ఎవరికీ ఏ ప్రమాదమూ జరిగే అవకాశం లేదు.