పేడపురుగులకు స్వాగత తోరణం

ఒక పెద్ద అడవిలో, రాజుగారి మాట ఈ చివర బయల్దేరి ఆ చివరకి చేరేసరికి వేరే మాట అయిపోయేంత పెద్ద అడవిలో, ఒక సింహం రాజ్యమేలుతుండేది. శుభ్రమైన అడవి అని దానికి చుట్టుపక్కల మంచి పేరు. ఆ పేరు తనవల్లే వచ్చిందని సింహం అనుకునేది. నిజానికి అది పేడపురుగుల వల్ల వచ్చింది.

వాగు అవతలి ఎర్రగుట్టల నుంచి ఏటా కూలికి వచ్చేవాళ్ళు వాళ్ళు. ఏనుగు వేసినా అడవిదున్న వేసినా, చూస్తుండగానే ఉండలు చుట్టి దొర్లించుకుపోయేవాళ్ళు. అదే వాళ్ళ పని, అదే వాళ్ళ కూడు. ఉండని వెనక కాళ్ళతో తోసుకుంటూ, తల వంచుకుని వెనక్కి నడవడం వాళ్ళ అలవాటు. అంటే ఎటు పోతున్నారో అటు వీపు, ఎక్కణ్ణించి పోతున్నారో అటు మొహం. ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకున్న పెద్దల్లో ఒక్కరైనా ఆ నడకని కళ్ళెత్తి చూడలేదు. కళ్ళు దించి చూడలేదనాలేమో.

ఆ ఏడు అడవికి దగ్గుజబ్బు వచ్చింది. పక్కన నిలబడితే చాలు, అంటుకునేది. సింహం హడలిపోయి, ఎవరి గుహలో వాళ్ళు పడి ఉండండి అని చాటింపు వేయించింది. మంచి ఆజ్ఞే, నేను కాదనను. కానీ పేడపురుగులకి గుహ ఎక్కడుంది చెప్పండి? జంతువులన్నీ లోపలే కూర్చోవడంతో దారుల మీద పేడ లేదు, వాళ్ళకి కూడు లేదు. నిన్నటిదాకా గడప పక్కన పడుకోనిచ్చినవాళ్ళే, జబ్బు తెస్తారని తరిమేశారు.

చేసేది లేక అందరూ ఇంటిదారి పట్టారు. వాళ్ళలో నూకయ్య, గవరమ్మ అని ఆలుమగలు ఉన్నారు. గవరమ్మ తోసుకుపోతున్న ఉండలో ఆమె పెట్టిన గుడ్డు ఉంది. ఆ ఉండని తడిమట్టిలో పాతితేనే పిల్ల పుడుతుంది. ఎండకి బీటలిచ్చిందా, లోపలి బిడ్డ దక్కదు. తడిమట్టేమో వాగు అవతల ఉంది. ఇవతలంతా కాలిపోయే ఇసుక. వాగు దాటించే తాబేళ్ళని కూడా పని మానేసి కూర్చోమన్నారు.

ఇక్కడ కొలువులో పెద్ద చర్చ జరిగింది. చాకిరీ చేయించుకున్న అడవే ఆపదలో కూడూ నీడా చూడాలని తాతగారి కాలం నాటి శాసనం ఒకటుందని ఎలుగుబంటి గుర్తుచేసింది. మంత్రి నక్క నవ్వి, ఆ శాసనం అడవిలో ఉన్నవాళ్ళకే గానీ బయల్దేరినవాళ్ళకి కాదంది. ఎర్రగుట్టల పెద్దలేమో, ఇంకా ఇల్లు చేరనివాళ్ళు తమవాళ్ళెలా అవుతారని కబురంపారు. మొత్తానికి దారిలో ఉన్నవాళ్ళు ఎవరికీ చెందరని తేలింది. అందరికీ ప్రాణం తేలికపడింది.

అయినా సింహానికి మనసు ఆగలేదు. వాళ్ళ సంగతేమిటో చూసి రమ్మని వేగు కోతిని మద్దిచెట్టు ఎక్కించింది. కోతి చిటారుకొమ్మ నుంచి చూసింది. దారిపొడుగునా పేడపురుగులు, అందరి మొహాలూ రాజధాని వైపే.

"ప్రభూ, వాళ్ళు పోవడం లేదు, వస్తున్నారు," అంది కోతి.

సింహానికి కళ్ళు చెమ్మగిల్లాయి. తన మీద ఇంత నమ్మకమా అనుకుని, తన గుహ గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టించింది. వచ్చేవాళ్ళు ఆకలితో ఉంటారు కదా, అక్కడే అన్నదానం పెట్టమంది. పేడపురుగులకి అన్నదానమంటే ఏమిటో మీకు తెలుసు. ఏనుగు తన వంతు ఉదారంగా సమర్పించింది. దున్నలు కూడా సమర్పించాయి. ఎంతో మర్యాదగా జరిగింది ఆ కార్యక్రమం.

మర్నాడు మళ్ళీ చెట్టెక్కిన కోతి, ఇంకా వస్తున్నారంది. కాకపోతే నిన్నటికన్నా చిన్నగా కనబడుతున్నారంది.

నక్క అనుమానంగా చూసింది. దగ్గరికొచ్చేవాళ్ళు చిన్నవాళ్ళెలా అవుతారని అడిగింది.

"తిండి లేక చిక్కిపోయారు," అంది కోతి.

సింహం అయ్యో అని, అన్నదానం రెట్టింపు చేయించింది. గుమ్మం దగ్గర కుప్ప పెరిగింది. ఈగలు మూగాయి. ఆ వాసనకి సింహమే తోకతో ముక్కు మూసుకుని కూర్చుంది.

పేడపురుగులు వాగు దగ్గర ఆగిపోయారని తర్వాత కబురొచ్చింది. పాపం అవతలి ఒడ్డు నుంచి రాలేక ఆగారనుకుని, 'వస్తున్న పేడపురుగులను వాగు దాటించవలెను' అని తాబేళ్ళకి ఆజ్ఞ పంపారు.

వాగు ఒడ్డున నవ్వులాట ఏమీ లేదు. కొన్ని ఉండలు ఇసుకలోనే పగిలిపోయాయి. ఆ తల్లులు ముక్కల పక్కనే కూర్చుండిపోయారు. ఇది చెప్పడానికి నాకు నోరు రాదు, కానీ చెప్పకపోతే అబద్ధమవుతుంది. గవరమ్మ ఉండ మీద కూడా సన్నగా ఒక బీట కనబడింది. నూకయ్య పోయి తాబేలు తాత కాళ్ళ మీద పడ్డాడు.

"వస్తున్నవాళ్ళని దాటించమని నాకు ఆజ్ఞ. మీరు పోతున్నారు కదయ్యా," అన్నాడు తాత. ఆజ్ఞ తప్పితే డిప్ప ఊడదీస్తారు మరి.

గవరమ్మ ముందుకొచ్చింది. "తాతా, మా మొహాలు ఎటున్నాయో చూడు."

"రాజధాని వైపు."

"మరి వస్తున్నవాళ్ళ మొహాలు ఎటుంటాయి?"

తాత చాలాసేపు ఆలోచించాడు. తాబేలు కదా. తర్వాత వీపు వంచాడు.

"ఎక్కు తల్లీ. రాజుగారి కంటికి కనబడిందే నా కంటికీ కనబడుతోంది."

మిగిలినవాళ్ళందరూ అలాగే దాటారు. మొహాలు రాజధాని వైపు, ఉండలు ఎర్రగుట్టల వైపు. గవరమ్మ ఒడ్డెక్కగానే తడిమట్టి తవ్వి ఉండని పాతింది. అప్పుడు గానీ ఏడవలేదు.

ఆ వేళ కోతి చెట్టెక్కితే ఎవరూ కనబడలేదు. దిగొచ్చి, బాగా దగ్గరికి వచ్చేసి ఉంటారు ప్రభూ, అందుకే కొమ్మ మీంచి కంటికి ఆనడం లేదంది. సింహం సంతోషించి, అన్నదానం ఇంకోసారి పెంచింది. కుప్ప తోరణాన్ని తాకింది. గుమ్మం మూసుకుపోయింది. లోపల చిక్కుకున్న కొలువంతా ఒకరి మొహం మీద ఒకరు దగ్గారు. వానలొచ్చి ఆ కుప్పని కొట్టుకుపోయేదాకా రాజుగారు తన ఆజ్ఞ ప్రకారమే గుహలో పడి ఉన్నారు.

జబ్బు తగ్గింది. అడవి పరువు మాత్రం ముక్కు మూసుకుంటే గానీ భరించరానిదైంది. నక్క స్వయంగా దండ పట్టుకుని వాగు దాటొచ్చి, తోరణం ఇంకా అలాగే ఉంది, దయచేసి రమ్మని బతిమాలింది.

గవరమ్మ నక్కకి దణ్ణం పెట్టింది. అప్పటికి ఆమె పక్కన ఒక చిన్న పేడపురుగు చిట్టి ఉండతో ఆడుకుంటోంది.

"ఇదిగో, బయల్దేరాం బాబూ, చూసి వెళ్ళి చెప్పండి," అంది.

పేడపురుగులంతా బుద్ధిగా రాజధాని వైపు మొహం పెట్టి, ఉండలు తోసుకుంటూ నడక మొదలుపెట్టారు. పిల్ల కూడా తల వంచి, తల్లిలాగే నడిచింది. నక్క మురిసిపోయి, శుభవార్త చెప్పడానికి పరుగెత్తింది.

ఇందులో నీతి ఏమిటంటే, సర్కారు దయ కావాలంటే మొహం అటు పెట్టాలి, బిడ్డ దక్కాలంటే కాళ్ళు ఇటు నడపాలి.