బావ కాలూ, కంపెనీ ఓపికా

షుగరున్నవాడికి ఈ లోకంలో అసలైన ఆప్తుడెవరు? పెళ్ళామా? పిల్లలా? డాక్టరా? ఎవరూ కాదు, ఇన్సూరెన్సు కంపెనీ! నవ్వకండి. ముందు నేను చెప్పేది సాంతం వినండి.

మీకు షుగరుందన్న సంగతి మీ ఆవిడైనా ఎప్పుడో ఓసారి మరిచిపోయి కాఫీలో రెండు చెంచాల పంచదార వేసేస్తుంది. కంపెనీ మరిచిపోతుందా? జ్వరమని వెళ్ళండి, షుగరే అంటుంది. మెట్ల మీంచి జారిపడండి, కళ్ళు తిరిగి పడ్డారు, షుగరే అంటుంది. ఎవడో స్కూటరుతో గుద్దినా, తప్పుకోలేకపోయారు కాబట్టి అదీ షుగరే! కన్నతల్లి కూడా ఇంతలా కనిపెట్టుకుని ఉండదు.

ఆమధ్య కొత్త చట్టం కూడా వచ్చింది. షుగరుందన్న వంకతో ఏ కంపెనీ ఎవరికీ పాలసీ ఇవ్వననకూడదట. ఆ రోజు మా వీధిలో షుగరువాళ్ళమంతా మిఠాయి పంచాం. తినలేదనుకోండి. కంపెనీ కూడా చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పాలసీ ఎవరికీ లేదనదు, వైద్యానికి మాత్రమే లేదంటుంది.

నమ్మకపోతే మా బావ సంగతి వినండి. మా అక్క మొగుడు. దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా కాలితో మిషను తొక్కుతున్నాడు. షుగరు కంటే ముందునుంచీ ఆయనకింకో జబ్బుంది. ఏది కుట్టినా లోపల అంగుళం గుడ్డ ఎక్కువ వదుల్తాడు. “మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు. రేపు విప్పుకోవడానికి ఉండొద్దూ?” అంటాడు.

ఆ కొత్త చట్టం వచ్చాకే బావ పాలసీ తీసుకున్నాడు. ఫారంలో ‘షుగరు ఎన్నాళ్ళనుంచి?’ అని ఓ గడి ఉంది. “లేదని రాసి పారెయ్యండి బాబాయ్” అని ఏజెంటు చెవిలో ఊదాడు. బావ వింటేనా! రెండేళ్ళే అయినా మూడని రాశాడు. “ఎందుకైనా మంచిదని ఓ ఏడాది వదిలానురా” అని నాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడాను.

మొన్నామధ్య ఆయన చెప్పులోంచి ఓ గుండుసూది పాదంలోకి దిగింది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిపోయాయి కదా, తెలియలేదు. రోజంతా దానిమీదే మిషను తొక్కాడు. నేలమీద నెత్తురు చూసి అక్క కెవ్వుమంది. నాలుగు రోజులకి కాలు పొంగిపోయింది. “వెంటనే చేర్చండి, కాలు దక్కుతుంది. ఆలస్యమైతే నేను చేసేదేం లేదు” అన్నాడు డాక్టరు. ఆస్పత్రివాళ్ళు మాత్రం ముందు కంపెనీ అప్రూవల్ రావాలన్నారు.

నేనే కంపెనీ ఆఫీసుకి పరిగెత్తాను. కౌంటరు ఆయన ఎంత మర్యాదస్తుడో! కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాడు.

“సూది గుచ్చుకోవడం యాక్సిడెంటు సార్, దానికి కవరేజీ ఉంది. గుచ్చుకున్నట్టు తెలియకపోవడం షుగరు. దానికి పాలసీ తీసుకున్నాక నాలుగేళ్ళు ఆగాలి.”

“అంటే?”

“సూది తియ్యడానికి ఇస్తాం. కాలికి కుదరదు.”

మర్నాడు ఇంకో సందేహం. ఫారంలో మూడేళ్ళుంది, డాక్టరు చీటీలో రెండేళ్ళే ఉంది, ఏది నిజం? అంగుళం సంగతంతా విడమరిచి చెప్పాను. “ప్రూఫ్ ఉందా?” అన్నాడు. బావ కుట్టిన చొక్కాయే నా ఒంటిమీద ఉంది. అక్కడే విప్పి, తిరగేసి, కుట్టు చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, “ఇది మా ఫార్మాట్‌లో లేదు సార్” అన్నాడు.

అయినా కంపెనీని తిట్టడానికి నోరెలా వస్తుందండీ? రోజూ నడవమని డాక్టరు ఏళ్ళ తరబడి మొత్తుకున్నా కుర్చీలోంచి లేవనివాణ్ణి నేను. ఆస్పత్రికీ ఆఫీసుకీ పదకొండు రోజులు కాళ్ళరిగేలా తిరిగేసరికి నా షుగరు రెండొందల పది నుంచి నూట ముప్ఫైకి దిగింది! ఏ మాత్రకీ లొంగనిది!

ఆ పదకొండు రోజులూ కంపెనీ ఎంతో ఓపిక పట్టింది. పుండుకే ఆ ఓపిక లేకపోయింది. ఇంకా ఆగితే ప్రాణానికే మోసమని, పన్నెండో రోజున డాక్టరు బావ ఎడమకాలు మోకాలి కింద తీసేశాడు. అక్క ఏడవలేదు. ఇంటికెళ్ళి మిషను మీద దుప్పటి కప్పేసింది.

బావ ఇంటికొచ్చిన వారానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పైన నవ్వుతున్న కుటుంబం బొమ్మ. కొత్త చట్టంలో మిగిలిన నిబంధనలు కూడా అమల్లోకి వచ్చాయట. ఇక ఆగాల్సిన పని లేదట. ‘నేటి నుంచి మీ రెండు కాళ్ళకూ సంపూర్ణ రక్షణ. అభినందనలు!’

బావ మంచంమీద కూర్చుని తన పాంట్ల ఎడమకాళ్ళు కత్తిరించుకుంటున్నాడు. అక్కడ కూడా అంగుళం వదులుతున్నాడు. అక్క ఆ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది.

“ఒరేయ్ తమ్ముడూ, రెండు కాళ్ళకీ అన్నారుగా. రెండోది వాళ్ళ దగ్గరే ఉందేమో, వెళ్ళి కనుక్కురా.”

వెళ్ళాను. ఉన్నదున్నట్టు అడిగాను. కౌంటరు ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. మంచినీళ్ళిచ్చి, ఓ ఫారం చేతిలో పెట్టాడు. అందులో మొదటి గడి: ‘కాలు లేనిది ఎన్నాళ్ళనుంచి?’

పదహారు రోజులని రాశాను. ఒక్కరోజు కూడా ఎక్కువ వదల్లేదు.