ఇగ్నాతిస్ కట్టిన వెండి రేకు

గురువారం పొద్దున ఏడున్నర బస్సుకు మితిలీని పట్నం వెళ్ళాలి, డాక్టరమ్మ దగ్గర స్కాన్ చేయించుకోవాలి, మధ్యాహ్నం బస్సుకు మూడో కంటికి తెలియకుండా తిరిగి రావాలి. మిర్సీని వేసుకున్న పథకం ఇంతే. మా ఊళ్ళో మూడో కంటికి తెలియకుండా తుమ్మినవాడు కూడా లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ప్రయత్నించింది, పాపం.

"ఎవరైనా అడిగితే మిల్లుకి బెల్టు కొనడానికి వెళ్తున్నామని చెప్పు," అంది మొగుడితో. ఇగ్నాతిస్ మా ఊరి ఆలివ్ నూనె మిల్లులో మెకానిక్కు.

"బెల్టుకి నువ్వెందుకూ అని అడిగితే?"

"రంగు నాకు నచ్చాలని చెప్పు."

"మిల్లు బెల్టులన్నీ నల్లగానే ఉంటాయి మిర్సీనీ."

"అయితే నోరు మూసుకుని ఉండు. అది నీకు బాగా చేతనైన పని."

ఈ గుట్టంతా ఎందుకంటే, మిర్సీనికి మూడో నెల. మూడు నెలలు నిండేదాకా బయటికి చెబితే దిష్టి తగులుతుందని మా వైపు అందరికీ భయం. మిర్సీనికి అంతకంటే పెద్ద భయం ఉంది. పెళ్ళయి ఏడేళ్ళు. నాలుగేళ్ళ కింద ఒకసారి నెల తప్పిన వెంటనే సంబరంగా ఇద్దరు తల్లులకూ చెప్పేసింది. ఆ రోజే బిడ్డకు పెట్టే పేరు దగ్గర తగువు మొదలైంది. పోట్లాట ముదిరి వీధికెక్కింది. ఎనిమిదో వారంలో కడుపు నిలవలేదు. "నీ పాడు కళ్ళే తగిలాయి" అని వియ్యపురాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుని, ఆనాటి నుంచి మాటలు మానేశారు. క్రిస్మస్‌కి ఒకావిడ ముందు గుమ్మం నుంచి వస్తే రెండో ఆవిడ పెరటి గుమ్మం నుంచి వెళ్ళిపోయేది. ఈసారి బిడ్డ నిలవాలి, ఆ బిడ్డకి అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి రావాలి. మిర్సీని కోరుకున్నది ఈ రెండే.

పథకం బాగానే ఉండేది, ఇగ్నాతిస్ సోమవారం ఒక పని చేయకపోయి ఉంటే. మా దగ్గర మొక్కు తీరితే, ఏది కోరుకున్నామో దాని బొమ్మ కొట్టిన వెండి రేకు తెచ్చి పటం ముందు కడతారు. కాలు నయమైతే కాలు, కన్ను నయమైతే కన్ను. ఇగ్నాతిస్ పెళ్ళాంతో కూడా చెప్పకుండా, ఊరి చివర సెయింట్ ఫనూరియోస్ చర్చిలో పసిబిడ్డ బొమ్మ ఉన్న రేకు కట్టి వచ్చాడు. దీపంలో నూనె పోయడానికి వెళ్ళిన రొట్టెల కొట్టు గరుఫాల్యా ఆ రేకునీ చూసింది, కట్టిన చేతినీ చూసింది.

గురువారం ఏడూ ఇరవైకి మిర్సీని తల్లి ఎవాంథియా రొట్టె కోసం కొట్టుకు వచ్చింది. మూడు రోజులు కడుపులో దాచుకుని ఉబ్బిపోయి ఉన్న గరుఫాల్యా ఇంక ఆగలేకపోయింది.

"మీ అల్లుడు పసిబిడ్డ రేకు కట్టాడుగా! చెప్పనేలేదేం? ఇప్పుడే ఇద్దరూ బస్టాపు వైపు వెళ్ళారు."

ఎవాంథియా లెక్క వేసుకుంది. తన కూతురు నీళ్ళోసుకోలేదు. పోసుకుంటే కన్నతల్లికి చెప్పకుండా ఉంటుందా? అల్లుడేమో బిడ్డ పుట్టబోతున్నట్టు రేకు కట్టాడు. అంటే ఆ బిడ్డ ఇంకెక్కడో ఉంది! అరకేజీ గట్టి రొట్టె చేత్తో పట్టుకుని, చిల్లర కూడా తీసుకోకుండా బస్టాపు వైపు పరుగెత్తింది.

ఆవిడ అలా పరుగెత్తడం ఇగ్నాతిస్ తల్లి పెరిస్తేరా కిటికీలోంచి చూసింది. "ఎక్కడికా పరుగు?" అని పక్కింటామెను అడిగింది. "మీవాడిని కొట్టడానికి," అంది పక్కింటామె, వివరాలు తనకూ తెలియక. పెరిస్తేరా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వియ్యపురాలి వెనక వీధిన పడింది.

బస్సు కదులుతుండగా ఒకావిడ ముందు తలుపు నుంచి, ఒకావిడ వెనక తలుపు నుంచి ఎక్కారు.

"ఎవత్తెరా అది?" ఎవాంథియా రొట్టెతో అల్లుడి నెత్తిన ఒకటి వేసింది. "నా బంగారు తల్లికి ఇంత ద్రోహమా? బిడ్డ ఎక్కడుంది? చెప్పు!"

ఇగ్నాతిస్ నోరు మూసుకునే ఉన్నాడు. పెళ్ళాం చెప్పిన మాట దాటడు.

"నా కొడుకు మీద చెయ్యి వేస్తావా?" పెరిస్తేరా అడ్డం వచ్చింది. అంతలో బిడ్డ అన్న మాట చెవిన పడింది. గిరుక్కున కొడుకు వైపు తిరిగింది. "బిడ్డా? ఒరే, నిజమేనా? ఎవరి కడుపున పుడితేనేం, నా మనవడే! తీసుకురా, నేను పెంచుతా!"

దాంతో బస్సంతా గొల్లుమంది. ముందు సీట్ల ఆడవాళ్ళు ఎవాంథియా పక్షం, వెనక సీట్ల ముసలాళ్ళు ఇగ్నాతిస్ పక్షం. "మగాడన్నాక..." అని ఒకాయన మొదలుపెట్టాడు. ఆయన పెళ్ళాం ముందు సీట్లోనే ఉంది. ఆ వాక్యం అక్కడితో ఆగిపోయింది.

రెండో దెబ్బకు రొట్టె లేచేసరికి మిర్సీని నిలబడింది.

"అమ్మా, ఆపు! ఆ బిడ్డ నాదే. నా కడుపులోనే ఉంది. మూడో నెల!"

ఎవాంథియా చేతిలో రొట్టె జారింది. పెరిస్తేరా సీటులో కూలబడి భోరుమంది. డ్రైవరు స్త్రాతోస్ ఒక్కసారి అద్దంలో వెనక్కి చూశాడు, బస్సును రెండో గేరులోకి దించాడు. అక్కడి నుంచి మితిలీని దాకా బండి గాడిద నడక దాటలేదు. గుంత వచ్చిన ప్రతిచోటా "పట్టుకో తల్లీ!" అని ముందే అరిచాడు. గంటన్నర దారి రెండున్నర గంటలైంది. ఒక్కరూ విసుక్కోలేదు.

అంత మంచి వేళలో ఎవాంథియా కళ్ళు తుడుచుకుంటూ నోరు జారింది. "సెయింట్ ఎలెఫ్తేరియోస్ నా మొర విన్నాడు. ఆయన పేరు పెడతానని మొక్కుకున్నా."

"నీ మొరా?" పెరిస్తేరా ఏడుపు టక్కున ఆగింది. "నేను సెయింట్ స్తిలియానోస్‌కి మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి మొక్కా! పేరు ఆయనదే. మొదటి బిడ్డ పేరు మొగుడి వైపు వాళ్ళదని లోకమంతా తెలుసు, నీకు తప్ప!"

"నీ మోకాళ్ళ సంగతి ఎవరడిగారు?"

"బస్సు ఆపు, స్త్రాతోస్!" అంది మిర్సీని. "పోయినసారి కూడా మీరిద్దరూ ఇలాగే మొదలెట్టారు. పేరు తేలకముందే నా బిడ్డ పోయింది. మళ్ళీ పేరెత్తితే ఇక్కడే దిగిపోతా. నడిచి వెళ్తా."

కింద పడిన రొట్టెను పెరిస్తేరా తీసింది, ఒళ్ళో పెట్టుకుని దుమ్ము దులుపుతూ కూర్చుంది. దాన్నిక ఎవరూ తినరని తెలిసినా పట్నం చేరేదాకా దులుపుతూనే ఉంది.

డాక్టర్ హారిక్లియా గదిలోకి ఒక్కరినే రానిస్తానంది. నలుగురూ వెళ్ళారు. మిర్సీని పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. గుండె చప్పుడు వినబడకపోతే చూడటం ఎందుకని. ఇగ్నాతిస్ గ్రీజు వదలని చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ తెర వైపు చూసింది. నొసలు ముడివేసింది. పరికరాన్ని అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఏమైంది?" అంది మిర్సీని, కళ్ళు తెరవకుండానే. "చెప్పేయండి డాక్టరుగారూ. నాకు అలవాటే."

"కంగారు పడకమ్మా. ఒకటి దాని పాటికది హాయిగా ఉంది. రెండోది దీని వెనక దాక్కుంది, దొంగది. అందుకే ఆలస్యం."

"రెండోదా?"

"కవలలు. ఇద్దరి గుండెలూ బాగా కొట్టుకుంటున్నాయి. వింటావా?"

గది నిండా ఆ చప్పుడే అయింది. రెండు గుర్రాలు ఒకేసారి పరుగు తీస్తున్నట్టు టకటక, టకటక. మిర్సీని కళ్ళు తెరిచి తెరను చూసింది, నవ్వింది, ఏడ్చింది. ఏది ఎప్పుడు చేసిందో తనకే తెలియదు. వియ్యపురాళ్ళిద్దరూ ముందుకు దూకి దిష్టి తగలకుండా తెర మీద మూడేసి సార్లు "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అన్నారు. డాక్టరమ్మ దూది తీసుకుని తెర తుడుచుకుంది.

"ముందున్నది స్తిలియానోస్," అంది పెరిస్తేరా అలవాటు కొద్దీ. అని, వెంటనే నాలుక కరుచుకుంది. ఎవాంథియా ఈసారి తగువుకు రాలేదు, తెరనే చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెరిస్తేరా తన జేబురుమాలు తీసి వియ్యపురాలి చెంపలు తుడిచింది. నాలుగేళ్ళలో పోట్లాట లేకుండా ఆవిడ ముఖంలోకి చూడటం అదే మొదటిసారి.

"ఒకేసారి ఇద్దరు ఏడిస్తే నా ఒక్కదాని వల్ల అవుతుందా ఎవాంథియా?" అంది. "నువ్వు పొద్దున్నే వచ్చేయాలి."

"ఏ గుమ్మం నుంచి రమ్మంటావు?"

"నోర్ముయ్. ముందు గుమ్మం నుంచే."

అప్పుడు ఎవాంథియాకు రొట్టె గుర్తొచ్చి అల్లుడి నెత్తి నిమిరింది. "అవునుగానీ నాయనా, ఫనూరియోస్ పోయిన వస్తువులు వెతికిపెట్టే సెయింట్ కదా. తాళంచెవులు పోతేనో, మేకలు పోతేనో మొక్కేది ఆయనకి. పిల్లల కోసం ఆయన దగ్గరికి ఎవరైనా వెళ్తారా?"

బస్సెక్కాక ఇగ్నాతిస్ మొదటిసారి నోరు విప్పాడు.

"మాకు పోయింది కదా అత్తయ్యా. నాలుగేళ్ళ కింద. దాన్ని వెతికి తెచ్చిపెట్టమని అడిగా. వెతికినట్టున్నాడు. కొత్తదాన్ని ఒంటరిగా పంపడం ఎందుకని పోయినదాన్నీ తోడిచ్చి పంపాడు."

డాక్టరమ్మ తెర శుభ్రంగానే ఉన్నా మళ్ళీ ఒకసారి తుడిచింది. ముందుగా తేరుకున్నది పెరిస్తేరానే. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, గాభరాగా తెర వైపు తిరిగింది.

"డాక్టరమ్మా, మేం మొక్కింది ముగ్గురు సెయింట్లకి. ఇంకోసారి సరిగ్గా చూడండి."

డాక్టరమ్మ మళ్ళీ చూసింది. పైనా కిందా, మూలమూలలా చూసింది. "ఇద్దరే," అంది గట్టిగా. నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ముగ్గురు సెయింట్లూ చాలరన్నట్టు, పిల్లల కోసమని ఏథెన్స్ పిన్ని సెయింట్ ఇరీని చర్చి నుంచి పంపిన ఆపిల్ ప్రసాదాన్ని గింజలతో సహా తిన్న సంగతి మిర్సీని ఎవరికీ చెప్పలేదు; వచ్చే నెల స్కాన్ ఎప్పుడని మాత్రం రెండుసార్లు అడిగింది.